ఎడమ చెయ్యి ఎత్తినవాళ్ళు

వంటింటి తలుపు వెనకవైపు నల్లరంగు వేసిన నేరానికి చిట్టి మీద విచారణ మొదలై అది మూడో పూట.

అమ్మ వాదన సూటిగానే ఉంది. బోర్డు కావాలంటే బళ్ళో ఉంది, ఇంట్లో తలుపులు తలుపుల్లాగే ఉండాలి. రేపు సంబంధం వాళ్ళెవరైనా వచ్చి, వాళ్ళింటి ఇల్లాలు మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరికి వేసిందంటే కనిపించేది భిన్నాల కూడిక. పిల్ల బుద్ధిమంతురాలనుకుంటుందా, మతి చలించిందనుకుంటుందా?

రంగు మాత్రం పొరలు లేకుండా సాఫీగా వేసిందని నాన్న మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు అమ్మకి పుండు మీద కారం చల్లినట్టయింది. తలుపుకున్న చదువు తన మొగుడికి ఉంటే ఎంత బాగుండేదోనని వదిన గిన్నెలు సర్దుతూ గొణిగింది. అన్నయ్య వినిపించుకోనట్టు చెప్పులు వెతుక్కున్నాడు.

"నెలాఖరుకి పెద్ద మేడం నా క్లాసు చూడ్డానికొస్తారమ్మా. గీత వంకరపోకుండా రాయడం అలవాటు చేసుకోవాలి. అయిపోయాక మళ్ళీ నేనే తెల్లరంగు వేస్తాను" అంది చిట్టి.

చిట్టి ఆరో తరగతి పిల్లలకి లెక్కలు చెబుతుంది. ఆ ఏడు వాళ్ళ బడి నుంచి ఒక్కరిని ఏడాది శిక్షణకి పంపుతున్నారు. వెళ్ళి వచ్చినవాళ్ళు తోటి టీచర్లకి పాఠం ఎలా చెప్పాలో నేర్పుతారు. ఊరు వేరు, హాస్టల్లో ఉండాలి. ఆ సీటు మీద చిట్టి ప్రాణాలన్నీ పెట్టుకుని ఉంది. చదువు చెప్పేవాళ్ళకి మళ్ళీ చదువేమిటన్నది అమ్మ సందేహం.

సీటుకి దరఖాస్తు పెట్టినవాళ్ళు ఇద్దరే. రెండో మనిషి ఆ ఏడే కొత్తగా చేరిన సైన్సు మాస్టారు.

పెద్ద మేడం అంటే హెడ్మిస్ట్రెస్. క్లాసులు చూసి సీటు ఎవరికో తేల్చేది ఆవిడే. ఆవిడ ఇంకో మెలిక కూడా పెట్టింది. తాను చూసేలోగా వీళ్ళిద్దరూ ఒకరి క్లాసులో ఒకరు కూర్చుని చూడాలట. మర్నాడే మాస్టారు చిట్టి క్లాసుకొచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు. కూర్చున్నాడనడం కంటే ఇరుక్కున్నాడనడం నయం. మోకాళ్ళు రెండూ బల్ల కింద పట్టక చెరోవైపు బయటికొచ్చాయి.

చిట్టి క్లాసు గడియారంలా నడిచింది. ప్రశ్న వెయ్యగానే గదినిండా చేతులే. ఎవరిని లేపినా ఠక్కుమని జవాబు. గంట కొట్టేసరికి ఆఖరి లెక్క కింద ఆఖరి గీత పడింది.

వరండాలో మాస్టారు వెనకాలే వచ్చాడు.

"మీ క్లాసులో ఎడమచేతివాటం పిల్లలు చాలామందే ఉన్నారు టీచర్."

చిట్టి సుద్దముక్కల డబ్బా మూత నొక్కి పెట్టింది. "ఉండకూడదా?"

"ఉండొచ్చు. రాసేటప్పుడు మాత్రం అందరూ కుడిచేత్తోనే రాస్తున్నారు."

అది చిట్టి మొదటి ఏడు కనిపెట్టిన కిటుకు. ఎవరో పెద్దాయన తనిఖీకొచ్చిన రోజున సగం క్లాసు కాళ్ళకేసి చూస్తూ కూర్చుంది. ఆ అవమానం మళ్ళీ పడకూడదని పిల్లలతో ఒప్పందం చేసుకుంది. జవాబు తెలిస్తే కుడి చెయ్యి, తెలియకపోతే ఎడమ చెయ్యి, ఎత్తడం మాత్రం అందరూ ఎత్తాలి. ఇన్నాళ్ళలో ఒక్కరూ పసిగట్టలేదు.

"ఎడమ చేతుల్లో ఎవరినైనా ఎప్పుడైనా లేపారా?" అని అడిగాడు మాస్టారు. గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, తిరిగి అనడానికి వీలుండేది.

"మీ క్లాసు కూడా చూస్తాంగా" అని చరచరా వెళ్ళిపోయింది.

చూసింది. నీళ్ళ తొట్టి చుట్టూ పిల్లలంతా మూగి ఉన్నారు. తేలేవీ మునిగేవీ పక్కన పెట్టి, ఒకడి చొక్కా తడిసినందుకు పెద్ద పంచాయితీ నడుస్తోంది. మాస్టారు బోర్డు మీద రాసిన వాక్యం ఎడమవైపు తలెత్తుకుని బయల్దేరి కుడివైపు చేరేసరికి నేలచూపులు చూస్తోంది. గంట కొట్టింది. పాఠం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో ఎవరికీ పట్టలేదు. కానీ ఇనపమేకు మునిగి ఇనప ఓడ ఎందుకు తేలుతుందని ఒక పిల్ల వదలకుండా నిలదీస్తూనే ఉంది. తన క్లాసులో అలా నిలదీసిన పిల్ల ఒక్కతీ చిట్టికి గుర్తు రాలేదు. ఆ సంగతి పైకి చెప్పడానికి నోరు రాలేదు.

"సంత బాగుంది మాస్టారూ. ఎవరేం కొనుక్కెళ్ళారో మాత్రం తెలియలేదు."

ఆయన నవ్వాడు. పిల్లల మీద పడ్డ నీళ్ళు ఆయన కళ్ళజోడు మీదా ఉన్నాయి. "నిజమే. మీరు నేర్పుతారా?"

పోటీకొచ్చిన మనిషి ఇలా అడుగుతాడనుకోలేదు చిట్టి. సరేనంది.

ఆ సాయంత్రం నుంచి బడి వదిలాక ఖాళీ క్లాసులో వాళ్ళ పాఠాలు మొదలయ్యాయి. తలుపులు బార్లా తెరిచి ఉండేవి. ఊడ్చే ఆయా ఆ గది ఊడ్చినంత శుభ్రంగా మరే గదీ ఊడ్చేది కాదు. బోర్డుని ఎలా భాగాలు చేసుకోవాలో, రాస్తూనే క్లాసుని ఎలా కనిపెట్టుకోవాలో, అల్లరి ముదరకముందే పిల్లలకి పని ఎలా అప్పగించాలో చిట్టి చూపించేది. తర్వాత ఆయన బెంచీలో ఇరుక్కుని మొద్దు పిల్లవాడి వేషం కట్టేవాడు. తప్పు జవాబు చెప్పి, అది ఎందుకు రైటో ఒక కారణం కూడా చెప్పేవాడు. తప్పు అనకుండా ఆ కారణమేమిటో బయటికి లాగడం చిట్టి పని. ఆమెకి అది బొత్తిగా చేతకాలేదు. "తప్పు" అన్న మాట నాలిక చివరే కాపురం పెట్టి ఉండేది.

"మళ్ళీ అన్నారు" అనేవాడు ఆయన.

"మీ మొహం చూస్తే అనాలనిపిస్తోంది" అనేది ఆమె.

ఇంటికి ఆలస్యంగా వస్తున్నావేమని అమ్మ అడిగితే పని ఉందనేది. కొత్త చీర బడికి కట్టుకెళ్తున్నావేమని వదిన అడిగితే పాతది ఉతకలేదనేది. వదిన దండెం వైపు చూసి ఊరుకుంది.

అలా ఉండగా ఒకనాడు పెద్ద మేడం పిలిచి, "మీ పిల్లల ఎడమ చేతుల సంగతి నా చెవిన పడిందమ్మా. పాఠం అయ్యాక మాట్లాడుకుందాం" అంది.

ఆ సంగతి తెలిసిన పెద్దమనిషి లోకంలో ఒక్కడే. చిట్టి నేరుగా స్టాఫ్ రూముకెళ్ళింది. ఆయన గాజు సీసాలు కడుగుతున్నాడు.

"ఉన్నది ఒక్క సీటే. దానికోసం ఇంత కిందికి దిగాలా మాస్టారూ?"

"ఏమైంది టీచర్?"

ఆమె ఆగలేదు. ఆ రోజు నుంచి సాయంత్రాలు ఇంటికి త్వరగా చేరింది. త్వరగా వస్తున్నావేమని అమ్మ అడిగింది.

అసలు సంగతి పిల్లలే బయటపెట్టారు. చిట్టికి జ్వరమొచ్చి సెలవు పెట్టిన రోజున క్లాసుకి పెద్ద మేడమే వచ్చిందట. వెనక బెంచీలో రెండు జడల పిల్ల లేచి, కళ్ళనిండా ఫిర్యాదుతో చెప్పింది.

"నేను ఎడమ చెయ్యే ఎత్తాను మేడం. అయినా నన్నే లేపారు. నాది ఎడమ చెయ్యండీ అని చెప్పాను కూడా. మీరు ఆవిడకి చెప్పలేదా?"

చిట్టికి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఆ పిల్ల బళ్ళు తెరిచినప్పటినుంచీ ఎడమ చెయ్యే ఎత్తుతోంది. ఎత్తిన ప్రతిసారీ తనను లేపరని నిశ్చింతగా ఉంది. ఆ నిశ్చింత తనిచ్చిందే. అప్పుడు తగిలింది చిట్టికి, మాస్టారి మాట ఎంత లోతుకి దిగిందో.

సాయంత్రం ఆయన క్లాసు గుమ్మంలో నిలబడింది. "క్షమించమని అడగడానికొచ్చాను."

"అడగండి."

"అడిగాను కదా."

"వచ్చానన్నారు. ఇంకా అడగలేదు."

అడిగింది. ఆయన కాసేపు బెట్టు చేద్దామనుకున్నాడు గానీ మొహం సహకరించలేదు. బోర్డు మీద ఆనాటి వాక్యం నిటారుగా ఉంది. ఆమె చూడాలని తుడవకుండా ఉంచాడేమో అనిపించింది.

పెద్ద మేడం వచ్చే రోజు రానే వచ్చింది. బాగా చదివే పిల్లల్ని ముందు బెంచీలకి మార్చి పాఠం నున్నగా నడిపించెయ్యొచ్చు. ఆ ఆలోచన చిట్టికి రాకపోలేదు. సీటు గుర్తొచ్చినప్పుడల్లా వచ్చింది. క్లాసులో అడుగుపెట్టాక మాత్రం రెండు జడల పిల్లే కనిపించింది.

"సగానికి మూడో వంతు కలిపితే ఎంత? ఇవాళ తెలిసినవాళ్ళు చేతులు దించండి. తెలియనివాళ్ళే ఎత్తండి" అంది.

ఒక్క చెయ్యీ లేవలేదు. చిట్టి ఆగింది. పెద్ద మేడం వైపు చూడకుండా ఆగింది. చాలాసేపటికి రెండు జడల పిల్ల చెయ్యి సగం దాకా లేచింది.

"అయిదింట రెండు మేడం."

తప్పు అన్న మాట నాలిక చివరికొచ్చింది. చిట్టి మింగేసింది. "ఎలా వచ్చింది? చెప్పు."

"నిన్న ఆటలో మొదట రెండు బంతులు విసిరాను, ఒకటి తగిలింది. తర్వాత మూడు విసిరాను, ఒకటి తగిలింది. మొత్తం అయిదు విసిరితే రెండు తగిలినట్టే కదండీ?"

లెక్క తప్పని తెలుసు. కానీ ఆ పిల్ల చెప్పినదాంట్లో తప్పెక్కడుందో చిట్టికి అందలేదు.

"నువ్వు చెప్పింది వింటే నాకూ సరిగ్గానే ఉందనిపిస్తోంది. తిరకాసు ఎక్కడుందో దొరకడం లేదు. ఎవరికైనా దొరికిందా?"

మేడంకే తెలియలేదంటే పిల్లలకి పండగే. క్లాసు తేనెపట్టు కదిపినట్టయింది. కిటికీ దగ్గరి పిల్లవాడు లేచి, సగం కంటే అయిదింట రెండు చిన్నది కదా, కలిపితే తగ్గడమేమిటని అడిగాడు. కాగితాలు చిరిగాయి, మడతలు పడ్డాయి. వాదన బెంచీ నుంచి బెంచీకి పాకింది. చివరికి రెండు జడల పిల్లే లేచింది.

"బంతులు మొదట రెండు, తర్వాత వేరే మూడు మేడం. సగం తీసినా, మూడో వంతు తీసినా కాగితం మాత్రం అదే."

అంతలో గంట కొట్టింది. బోర్డు సగం ఖాళీ. అసలు జవాబు ఎవరూ రాయనే లేదు. పెద్ద మేడం లేచి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. సీటు పోయిందనుకుంది చిట్టి.

సాయంత్రం వాన పట్టుకుంది. వరండా చివర ఇద్దరే మిగిలారు. చూరు నీళ్ళు చీర అంచు మీద చిందుతున్నాయి. మాస్టారి దగ్గర గొడుగుంది. తెరవడం లేదు.

"ఒక మాట అడగాలి టీచర్. జవాబు ఇప్పుడే చెప్పక్కర్లేదు."

"బళ్ళో లెక్క బళ్ళోనే చెయ్యడం నాకలవాటు."

"అయితే చెయ్యండి. మనిద్దరం పెళ్ళి చేసుకుంటే ఎలా ఉంటుంది?"

చిట్టి వానకేసి చూసింది. "గోలగా ఉంటుంది."

"అంటే కాదనా?"

"కాదనలేదు. గోలగా ఉంటుందన్నాను." మళ్ళీ తనే అడిగింది. "ఒకవేళ సీటు నాకొస్తే?"

"ఒక పూట ఏడుస్తాను. తర్వాత మీ ట్రంకు పెట్టె మోసుకొస్తాను. ఏడాది గడిచాక పెళ్ళి చేసుకుందాం."

సీటు చిట్టికే వచ్చింది. తెలియని చోట తెలిసినట్టు నటించకపోవడం ఎవరో నేర్పితే అబ్బే గుణం కాదని పెద్ద మేడం అంది. ఎడమ చేతుల మాట మళ్ళీ ఎత్తనే లేదు. మాస్టారు మాట నిలబెట్టుకున్నాడు, ఒక పూట ఎవరితోనూ మాట్లాడలేదు. మధ్యాహ్నం వచ్చి, హాస్టల్లో కిటికీ పక్క మంచం అడిగి తీసుకోమన్నాడు.

ఆ రాత్రి అందరూ భోజనాలకి కూర్చున్నారు. ఆదివారం సంబంధం వాళ్ళు వస్తామన్నారనీ, కుర్రాడు ఉద్యోగస్తుడనీ అమ్మ వడ్డిస్తూ చెబుతోంది. చిట్టి ఆవిడ మాట పూర్తయ్యేదాకా విన్నది.

"వాళ్ళని రావద్దని చెప్పమ్మా. నాకు శిక్షణకి సీటొచ్చింది, వచ్చే నెల వెళ్తున్నాను. తిరిగొచ్చాక మా సైన్సు మాస్టారిని పెళ్ళి చేసుకుంటాను. మీరు సరేనంటే ఆదివారం ఆయన వాళ్ళ అమ్మగారిని తీసుకొస్తారు."

ఎవరి చెయ్యీ కంచంలో కదల్లేదు. వదిన ఒక్కతే ఏమీ ఆశ్చర్యపోకుండా అన్నయ్య ముందుకి మంచినీళ్ళు జరిపింది.

"ఏడాదంటే మాటలు కాదు. అంతకాలం అతను ఆగుతాడా?" అన్నారు నాన్న.

"ఆగుతానన్నారు నాన్నా. ఆగకపోయినా నేను వెళ్తాను."

అమ్మ గరిటె గిన్నెలో పెట్టి, కూతురి మొహంలోకి ఓ క్షణం చూసింది.

"వాళ్ళమ్మగారు ఒక్కరేనా, ఇంకెవరైనా వస్తారా?" అని అడిగింది.