ఎర్రర్ చదివే అమ్మాయి

కావేరి రేపల్లెలో రైలెక్కి తెనాలిలో దిగేసరికి వాన మొదలైంది. గొడుగు మరిచిపోయినందుకు కూడా ఆమె సుమన్‌నే తిట్టుకుంది.

ముత్యాలరావు గారి ఎండుచేపల వ్యాపారానికి వెబ్‌సైట్ చేసిపెట్టినవాడు సుమన్. అందులో వచ్చే ఆర్డర్లు చూసుకునేది కావేరి. ఆ సైటు వారం తిరక్కుండా మొరాయిస్తుంది. అప్పుడు తెర నిండా ఇంగ్లీషులో బారెడు ఎర్రర్ వస్తుంది. కావేరి దాన్ని ఫోన్‌లో చదివి వినిపించాలి, అతను ఆ లైను మళ్ళీ చదవండి అనాలి. ఇదీ వరస.

ఆ బారెడు గోలలోనే కొనేవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు, సైటు పాస్‌వర్డుతో సహా లోకమంతటికీ కనబడుతున్నాయని, కొనేవాళ్ళలో ఒకాయన ఆ పేజీ ఫోటో తీసి పంపాక గాని ఆమెకు తెలియలేదు. అప్పటికే బాపట్ల వ్యాపారి ఒకడు ఆ నంబర్లు పట్టుకుని, తక్కువ ధరకిస్తానని ఫోన్లు మొదలుపెట్టాడు. నంబర్లు నీ దగ్గరే కదమ్మా ఉండేవి అన్నారు ముత్యాలరావు గారు. కావేరికి తల కొట్టేసినట్టయింది.

తడిసిన జుట్టుతోనే సుమన్ గదిలోకి వెళ్ళి కడిగిపారేసింది. తప్పులు పట్టుకోవడానికి ఆ గోలంతా తెరమీద చూపించే డీబగ్ మోడ్‌ను, సైటు జనంలోకి వదిలేముందు ఆపేయాలని తెలియదా అని నిలదీసింది. తెలుసన్నాడు. తెలిసే ఆపలేదన్నాడు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"ఈ మాట మా సార్‌కి చెప్పండి. ఇప్పుడే," అని నంబరు కలిపి స్పీకర్ పెట్టింది.

తప్పంతా తనదేనని, కావేరి గారికి సంబంధం లేదని సుమన్ ఒప్పుకున్నాడు. తెలిసీ ఎందుకు ఆపలేదయ్యా అని అడిగారు ముత్యాలరావు గారు.

సుమన్ కావేరి వైపు చూడకుండా చెప్పాడు. "అది ఆపేస్తే తెరమీద ఏమీ రాదండి. చదివి వినిపించే పనుండదు. కావేరి గారు ఇంక ఫోన్ చెయ్యరని..."

ముత్యాలరావు గారు అమ్మాయిని అనవసరంగా అనుమానించానని నొచ్చుకున్నారు. ముందు అది ఆపి, పాస్‌వర్డులు మార్చి, కొనేవాళ్ళందరికీ స్వయంగా క్షమాపణ చెప్పమని సుమన్‌కు పురమాయించి ఫోన్ పెట్టేశారు.

సుమన్ డీబగ్ ఆపాడు. సైటును కావాలనే ఒకసారి చెడగొట్టి చూపించాడు. ఏదో పొరపాటు జరిగిందన్న ఒక్క ముక్క తప్ప తెరమీద ఇంకేమీ రాలేదు.

కావేరి కోపం చల్లారలేదు. పైగా, ఇన్నాళ్ళూ ఆ లైన్లను తాను అంత నెమ్మదిగా ఎందుకు చదివేదో తట్టి, తనమీద తనకే విసుగొచ్చింది.

"సుమన్ గారూ, నాతో మాట్లాడాలంటే అందరి నంబర్లూ బజార్న పడాలా? నా నంబరొక్కటి చాలదాండి?"