తలగడలోని సూది

మ్యూజియం వెనక గది పేరెత్తితే మా కొండఊరు ఖుర్తుల్‌లో ఆడవాళ్ళు ఇప్పటికీ థూ థూ అని ఉమ్ముతారు. ముందు రెండు గదులూ బాగానే ఉంటాయి. తివాచీలు, రాగి బిందెలు, యుద్ధానికి పోయి తిరిగిరాని వాళ్ళ ఫొటోలు. బడిపిల్లలొస్తారు, పట్నం నుంచి అధికారులొస్తారు, చూసి పోతారు. ఆ వెనక గది మాత్రం... ఛీ, ఆ కంపు!

చచ్చిన గొర్రెని వారం రోజులు ఎండలో పడేస్తే ఎలా ఉంటుంది? అదీ. ఆ చలికాలం మొదలైనప్పట్నుంచీ, చీకటి పడితే చాలు, గోడ పగుళ్ళలోంచి బయటికొచ్చేది. దానితోపాటు ఒక చప్పుడు. తప్... తప్... ఎవరో తడి కాళ్ళతో నిలబడినచోటే అడుగులేస్తున్నట్టు. ఉండుండి ఒక బుస.

"అల్‌పాబే," అన్నారు ముసలమ్మలు. ఇంకేం కావాలి!

అల్‌పాబ్ సంగతి మా లెజ్గీ తెగ ఆడవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. ఎర్రజుట్టు, భుజాల మీదుగా వెనక్కి విసురుకున్న పొడుగాటి రొమ్ములు, నెలలు నిండిన ఆడదున్న ఇంటి చుట్టూ తచ్చాడే పాడుముండ. కాన్పు మంచం మీదున్న ఆడదాని కాలేయం పెరుక్కుని ఏటికి పోతుంది. అక్కడ దాన్ని నీళ్ళలో ముంచిందా — ఇక్కడ తల్లి ప్రాణం పోయినట్టే. విరుగుడు ఒక్కటే, ఇనుపసూది. తలగడకి గుచ్చి ఉంచితే మంచం దగ్గరికి రాదు. ధైర్యం చేసి దాని ఒంటికే గుచ్చితే, ఏడు తరాలదాకా ఆ ఇంటి గడప తొక్కనని ఒట్టేసి పోతుంది.

మ్యూజియం ఊడ్చే కిజ్తమన్ ఇల్లు ఆ వెనక గదిని ఆనుకునే ఉంది. కిజ్తమన్ అంటే 'ఇక ఆడపిల్లలు చాలు' అని. ఐదోది కూడా ఆడపిల్లే అయ్యేసరికి వాళ్ళ నాన్న విసుగెత్తి పెట్టిన పేరు. ఆ కసంతా ఆవిడ నోట్లో ఉండేది. కొడుకు మందని తోలుకుని మైదానానికి దిగిపోయాడు, మంచు కరిగేదాకా రాడు. ఇంట్లో ఉన్నదల్లా కోడలు సెల్మినాజ్. తొలిచూలు, నేడో రేపో అన్నట్టుంది.

ఆ కంపుకి ఆ పిల్లకి తిండి సయించేది కాదు. రొట్టెముక్క నోట్లో పెడితే డోకు. రాత్రిళ్ళు గోడకేసి చూస్తూ కూర్చునేది.

"అత్తా... అది నాకోసమే వచ్చింది కదూ?"

"నోర్ముయ్యవే పిచ్చిదానా."

అలా అందిగానీ కిజ్తమన్‌కి ఆ గోడవైపు వీపు పెట్టి పడుకోబుద్ధి కాలేదు. ఆ సాయంత్రం మంచు దంచికొట్టి కరెంటు పోయింది. కంపు దుప్పట్లలోకి కూడా ఎక్కింది. ఇక ఓర్చుకోలేక చటుక్కున లేచి, కోడలి తలగడకున్న సూది ఊడబెరికింది.

"అయ్యో, అదెందుకత్తా తీస్తున్నావ్?"

"కుట్టుసూదులు ఎన్నుంటే ఏం లాభమే, కమ్మరి కొట్టింది ఇదొక్కటే. దాని కొంపలోనే దాన్ని గుచ్చేసి చిటికెలో వస్తా. గడియ పెట్టుకో. నేను పిలిస్తేనే తియ్యి."

వెనక గది తాళంచెవి మ్యూజియం పెద్ద నజ్ముదీన్ మాస్టారి జేబులో ఉంటుంది. ఎన్నిసార్లు అడిగినా "లోపల పురుగుల మందు కొట్టాను వదినా, పీలిస్తే పోతావ్" అనేవాడు. కిజ్తమన్ గొడ్డలి వెనకవైపుతో రెండు దెబ్బలు వేసింది. తాళం ఊడి కిందపడింది.

లోపల కళ్ళు పొడుచుకున్నా కనపడదు... తప్... తప్...

తలగుడ్డ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, చెయ్యి ముందుకు చాచి, అడుగులో అడుగేసింది. చెయ్యి దేనికో తగిలింది.

మెత్తగా ఉంది. చల్లగా, జిడ్డుగా, ఉబ్బిపోయి... పొడుగ్గా వేలాడుతోంది.

రొమ్ము!

కిజ్తమన్ బిస్మిల్లా అని సూది దింపేసింది.

బుస్స్... మని ఏదో పేలింది. కుళ్ళిన ముద్దలు ముఖం నిండా, కళ్ళలో, నోట్లో పడ్డాయి. పులుపూ చేదూ కలిసిన రోత. నాలుక కింద సన్నగా ఏవో కదులుతున్నాయి. పురుగులు! భళ్ళున వాంతి చేసుకుంది. కళ్ళు మండి తెరవలేకపోయింది.

అప్పుడు పక్కనుంచి ఎవరో ఆవిడ ముఖం తుడిచారు. మెల్లగా, నుదుటి నుంచి గడ్డందాకా. గుడ్డ తడిగా, పీచుపీచుగా ఉంది. కిజ్తమన్ అది లాక్కుని కళ్ళు తుడుచుకుంది. నోరు తుడుచుకుంది. నాలుక కూడా తుడుచుకుంది.

"అల్లా నిన్ను చల్లగా చూడాలి," అని గొణిగింది.

బయట మంచులో అడుగుల చప్పుడు, గుమ్మంలో ఫోను వెలుతురు.

"అయ్యయ్యో, నా చీజ్!" అన్నాడు నజ్ముదీన్ మాస్టారు.

దూలానికి ఒక గొర్రెతోలు తిత్తి వేలాడుతోంది, చీలిపోయి. కింద రాగిపళ్ళెంలో పసుపుపచ్చటి నీళ్ళు చుక్కచుక్కా పడుతున్నాయి. తప్... తప్...

"చీజా?"

"పెద్దాడి పెళ్ళికని తోలుతిత్తిలో ఊరబెట్టాను వదినా. మా ఆవిడ ఇంట్లో పెట్టనివ్వలేదు. ఇక్కడైతే చల్లగా ఉంటుందని... ఈసారి ఎందుకో కుళ్ళింది."

"ఊరంతా అల్‌పాబని చస్తుంటే నీకు వినబడలేదూ? నా కోడలు తిండి మానేసిందని తెలీదూ?"

మాస్టారు తల గోక్కున్నాడు. "తెలుసనుకో... భయముంటే ఎవరూ ముట్టుకోరు కదా అని..."

"థూ! పిల్లలకి పాఠాలు చెప్పిన నోరా అది? నీ చీజ్ నయం, సూది గుచ్చితేనేగాని కక్కలేదు. కడుపుతో ఉన్న పిల్లని ఏడిపించి పెళ్ళివిందు పెడతావా? నీ మొహం చూస్తేనే డోకొస్తోంది, పో అవతలికి!"

తిట్టిందేగానీ గుండెల మీంచి బండ దిగినట్టయింది. అల్‌పాబ్ లేదు, దాని తాత లేడు. పరుగున పోయి పిల్లకి చెప్పాలి. గుమ్మం దాటబోతుంటే మాస్టారు ఫోను పైకెత్తాడు.

"నీ చేతిలో... అదేంటి వదినా?"

"ఏముందీ, ఇందాక నువ్విచ్చిన గుడ్డేగా."

"నేనా? నేనిప్పుడేగా వచ్చింది!"

వెలుగులో చూసుకుంది.

మూరెడు జుట్టు. ఎర్రగా, తడిగా... కుదుళ్ళతో సహా ఊడొచ్చింది.

కిజ్తమన్ అది విసిరికొట్టి, సూది కోసం కుళ్ళుముద్దల్లో చేతులు పెట్టి దేవింది. దొరకలేదు. పెదాలు కొంగుతో రుద్దుకుంటూ, మోకాలిలోతు మంచులో పడుతూ లేస్తూ ఇంటికి పరిగెత్తింది.

తలుపు తోసింది. లోపల గడియ పెట్టి ఉంది.

"సెల్మినాజ్! తియ్యవే, నేను!"

లోపలినుంచి కోడలి గొంతు వినిపించింది. నిద్రమత్తులో, కాస్త విసుగ్గా...

"ఇక చాల్లే అత్తా, ఎంతసేపని తుడుస్తావ్ నా పొట్ట? నీ చేతులు కంపుకొడుతున్నాయ్."