పది స్వరాల దెయ్యం

"ఇంద్రా... ఓ ఇంద్రా!"

శివమ్మ మూడోసారి పిలిచింది. పొద్దు గూకింది, కరెంటు పోయింది, కిరాణకొట్టుకు పోయిన బిడ్డ ఇంకా రాలేదు. ఎల్బీనగర్ దిక్కు పోయే మట్టిబాట మీద ఆమె ఒక్కతే. పక్కన ఆ ఖాళీ ఇల్లు.

అప్పుడు వినబడ్డది... పాట.

మాటలు లేవు, ఉత్త కూనిరాగం. ఇంద్రమ్మ రోజూ ఆసు అనే మేకుల చట్రం మీద చీరల దారం చుట్టుకుంట తీసే రాగమే. తలుపుల్లేని ఆ ఇంట్లోంచి, పైమెట్ల కాడి నుంచి వస్తున్నది.

"ఆడేం చేస్తున్నవే?" అని శివమ్మ రెండడుగులు వేసింది.

రాగం నడుమ తెగింది. నిశ్శబ్దం... మళ్ళీ మొదటి నుంచి అదే రాగం. మళ్ళీ అక్కడే తెగింది.

శివమ్మ చెప్పులు ఆడనే వదిలి ఉరికింది. ఇల్లు చేరేసరికి ఇంద్రమ్మ గడప మీద కూర్చొని కందిలి గాజుబుడ్డి తుడుస్తున్నది.

"నువ్వెప్పుడొచ్చినవే?"

"ఎప్పుడో వచ్చిన. నువ్వే ఏడికి పోయినవమ్మా?"

శివమ్మ దబ్బున కూలబడ్డది. ఈ ముచ్చట అదే వరుస ఇండ్లల్ల ఉండే నాకు ఆమె చెప్పినప్పుడల్లా అక్కడే ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టేది.

ఆ ఇంటికి చెడ్డపేరు అంతకుముందే ఉంది. కొత్తపేట దాటినంక ద్రాక్షతోట కొట్టేసి, సున్నం గీతలు గీసి, దాన్నే కాలనీ అన్నరు. అందులో మొదటి స్లాబు పడ్డది ఆ ఇంటికే. పడ్డ నెలలోనే అన్నదమ్ములు కోర్టుకెక్కిండ్రు, ఇల్లు మొండిగా నిలిచిపోయింది. మేస్త్రీ పెండ్లాం ఒకామె పైనుంచి పడి చచ్చిందంటరు. ఆమె పేరు ఎవరికీ తెల్వదు, ఊరు తెల్వదు. చీర రంగు మాత్రం అందరికీ తెల్సు — పసుపుపచ్చ. నల్లా రాని కాలనీ, బస్సు రాని కాలనీ. దెయ్యం మాత్రం అందరికంటె ముందే వచ్చి స్థిరపడ్డది.

మేస్త్రీ పెండ్లాం కాదు, ప్రేమలో ఓడిపోయి చచ్చిన పిల్ల అయ్యుంటదని నేను రెండు రాత్రులు ఏడ్చిన. ఎవరి కోసమో తెల్వక మూడోనాడు ఆపిన.

దెయ్యం పద్ధతి గలది. సాయంత్రం ఏడున్నరకు మొదలు, ఎనిమిదిన్నరకు బంద్. మెయిన్ రోడ్డు మీదికి కోఠీ బస్సు లేటయిన రోజు అది కూడా లేటే. ఒక్కోనాడు రాగం సాగి సాగి... అచ్చం ఏడుపు. ఎంత ఏడ్చినా పల్లవిలో సగమే వచ్చు దానికి.

మా ఇండ్ల యజమాని వెంకట్రావు గుంటూరు దిక్కు మనిషి. "దెయ్యాలూ లేవు, గియ్యాలూ లేవమ్మా. అంతా భ్రమ" అని అందరికీ సైన్సు చెప్పేవాడు. చెప్పి, ఖాళీ ఇల్లు తగలకుండా అరమైలు చుట్టు తిరిగి ఇంటికి వచ్చేవాడు. నడక ఆరోగ్యానికి మంచిదట.

ఇంతవరకు బాగానే ఉండె. శివమ్మకే నోరు ఆగలేదు.

"గా దయ్యం పాడేది మా ఇంద్ర పాటే" అని బోరింగు కాడ అనేసింది. బిందె నిండేలోపల మాట తిరగబడ్డది — దయ్యం పాట ఇంద్రమ్మకు ఎట్ల వచ్చింది? రెండోనాటికి తేల్చేసిండ్రు. అది ఇంద్రమ్మను పట్టింది. మూడోనాటికి ఇంద్రమ్మ బోరింగు కొడితే నీళ్ళు పట్టుకునేటోళ్ళు లేరు. నాలుగోనాటికి తుర్కయంజాల్ నుంచి లచ్చయ్యను పిలిపిద్దామని పెద్దలు తీర్మానం చేసిండ్రు. దెయ్యాలు వదిలించేటోడు. వేపమండలతో కొట్టి, ఎండుమిరపకాయల పొగ పెడతడు. అంతకుముందు ఒక పిల్లకు వదిలిస్తే ఆ పిల్ల నెల దినాలు మంచం మీదికెళ్లి లేవలేదట. దెయ్యం మాత్రం ఆరోగ్యంగానే పోయిందట.

ఆ మాట విని పచ్చి మంచినీళ్ళు ముట్టనోడు జనార్ధన్ ఒక్కడే.

జనార్ధన్ శివమ్మ పక్క గదిలో కిరాయికి ఉండేవాడు. నడుమ ఒకటే గోడ. కోఠీలో రేడియోలు రిపేరు చేసేవాడు. హ్యామ్ లైసెన్సు కోసం పరీక్ష రాసిండు. అంటే సొంతంగా వైర్‌లెస్ సెట్టు పెట్టుకొని ఊళ్ళు దాటి గాలిలో మాట్లాడుకొమ్మని సర్కారిచ్చే కాగితం. ఆ పరీక్షకు నేర్చిన తంతి సంకేతాలు నిద్రలో కూడా టిక్కుటిక్కుమని గోడ మీద కొడతడని వెంకట్రావు ఫిర్యాదు. పరీక్ష పాసయిండు. పోలీసు ఎంక్వైరీ ఒక్కటే మిగిలింది. ఆ కాగితం రాకముందు సెట్టుతో దొరికితే ఇంక లైసెన్సు కాదు, లాకప్పే.

"దయ్యం లేదు శివమ్మక్కా. నా మాటిను. లచ్చయ్యను పిలువకుండ్రి."

"లేదని నీకెట్ల తెల్సు?"

"ఊకె... అనిపించింది" అన్నడు.

మంచి ధైర్యవంతుడు!

గురువారం సాయంత్రం లచ్చయ్య వచ్చిండు. దెయ్యానికొక కోడి, సారా సీసా అడిగి రెండూ తన సంచిలోనే పెట్టుకున్నడు. ఖాళీ ఇంటి ముందట ముగ్గు పోసి, నడుమ ఇంద్రమ్మను కూర్చోబెట్టిండ్రు. తల విరబోసిండ్రు. ఆమె ఏడ్వలేదు, ఎవరినీ తిట్టలేదు. అందుకు కూడా జనం "సూసిండ్రా!" అనుకున్నరు.

అదే టయానికి జనార్ధన్ ఎంక్వైరీ కోసం కానిస్టేబుల్ భిక్షపతి సైకిల్ మీద వచ్చిండు. ఎంక్వైరీ రేపయినా దొరుకుతది, తమాషా దొరుకుతదా? ఫైలు చంకల పెట్టుకొని ముందు వరుసలో నిలబడ్డడు.

"ఏడున్నరకు పాడుతది" అన్నడు లచ్చయ్య. "పాడంగనే పట్టుకుంట."

ఏడున్నరయింది... ఊపిరి బిగబట్టినం. ఏమీ లేదు.

ఎనిమిదయింది. కీచురాళ్ళు తప్ప చప్పుడు లేదు. గుంపు చివర జనార్ధన్ మొఖంలో నెత్తురు తిరిగింది. పాట రాకపోతే దెయ్యం లేనట్టే, పిల్లను వదిలేస్తరు అనుకున్నడు పాపం.

లచ్చయ్య లెక్క వేరు.

"ఇంట్ల లేదు" అని గుసగుసగా అన్నడు. "అంటే... ఇప్పుడు పిల్ల ఒంట్లనే ఉన్నది."

వేపమండలు లేచినయి. మొదటి దెబ్బ ఇంద్రమ్మ భుజం మీద పడ్డది. ఆమె పెదవి కొరుక్కున్నది. రెండో దెబ్బకు చెయ్యి లేచింది—

"ఆగుండ్రి!"

జనార్ధన్ గుంపును తోసుకొని, ముగ్గు తొక్కుకొని, నేరుగా ఖాళీ ఇంట్లోకి పోయిండు. చీకట్లో మెట్లెక్కిన చప్పుడు. తర్వాత...

పాట.

పది స్వరాలు. తెగింది.

గుంపంతా వెనక్కి జరిగింది. లచ్చయ్య అందరికంటె వెనక తేలిండు, సంచి మాత్రం మరువలేదు.

జనార్ధన్ దిగి వచ్చిండు. చేతిలో ఇటుకంత డబ్బా, దానిమీద మూరెడు కడ్డీ. ఇంద్రమ్మ పక్కన నిలబడ్డడు.

"ఏందిరా అది?" అన్నడు భిక్షపతి.

"వైర్‌లెస్ సెట్టు సార్. నేనే చేసి ఈ ఇంట్ల దాచిన."

"లైసెన్సేది?"

"మీ చంకల ఉన్న ఫైలు అదే సార్."

భిక్షపతి ఫైలు దిక్కు చూసుకున్నడు. "ఎవనితోని మాట్లాడతవ్ దీన్ల? సరిహద్దు అవతలోళ్ళతోనా?"

"ఎవ్వరితోని మాట్లాడలే సార్. ఆన్ చేయంగనే ఒక పాట మోగేటట్టు పెట్టుకున్న. పది స్వరాలకే జాగ ఉంది. ఒక్కో స్వరానికి ఒక్కో మర తిప్పి కుదిర్చిన. మూడు నెల్లు పట్టింది. సెల్లులు అయిపోవచ్చిన దినం సాగి ఏడుస్తది."

"పాట అయినంక మాట్లాడాలె గద?"

"అయినంక బంద్ చేస్తుంటి."

"బంద్ చేసి?"

"మళ్ళ ఆన్ చేస్తుంటి."

భిక్షపతికి అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే మాకెవ్వరికీ కాలేదు. ఇంద్రమ్మ వెంట్రుకలు ముడేసుకుంట లేచింది. వారం దినాల్లో ఆమె నలుగురిలో నోరు విప్పడం అదే మొదలు.

"గా పాట నీకేడ దొరికింది?"

జనార్ధన్ ఒకసారి ఫైలును చూసిండు. తర్వాత దాన్ని చూడలేదు.

"గోడ అవతల. నువ్వు ఆసు పోస్తుంటె ఇన్న. ఆన్ చేసినప్పుడు ఒక్కసారే మోగుతది ఇంద్రమ్మా... అందుకే రోజూ అన్నిసార్లు ఆన్ చేసిన. గాలిల మాట్లాడనీకి నాకెవ్వరున్నరు? నీతోని మాట్లాడాలనే ఉండె."