పక్క తిప్పే చేతులు

ఆ హోములో పడమటి నడవాకి మంచి పేరు లేదు. మంచాన పడ్డవాళ్ళనీ, మళ్ళీ నడక నేర్చుకోవలసినవాళ్ళనీ ఉంచుకుని చూసే చోటు అది. పగలు చూస్తే ఏముంది — కడిగిన నేల, వరసగా ఆరు గదులు, చివర ఓ కిటికీ. రాత్రి పదకొండు దాటితే మాత్రం ఆయాలు కూడా అటు అడుగు పెట్టరు. అక్కడివాళ్ళు పొద్దున్నే చెప్పేవారట — "రాత్రి ఎవరో వచ్చారు... చేతులు మంచుగడ్డలు... నన్ను పక్కకి తిప్పి పోయారు" అని.

ఇది మా పిన్నికి జరిగింది. ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు. విన్నది విన్నట్టే రాస్తున్నాను.

మా అమ్మమ్మకి తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. ఆ తర్వాత చేర్చిన చోట పక్కకి తిప్పే దిక్కు లేక, పది రోజులకే వీపు కింద పుండు పడింది. అది చూసి పిన్ని, తల్లిని తన చేత్తో తనే పొడిచినట్టు ఏడ్చింది. మళ్ళీ ఆసుపత్రి. ఇప్పుడు వాళ్ళు మంచం ఖాళీ చెయ్యమంటున్నారు. మర్నాడు మధ్యాహ్నంలోగా వేరే చోటు కుదరాలి. ఈసారి పొరపాటు జరిగితే అమ్మమ్మ తట్టుకోలేదు.

అందుకని పిన్ని, ఆ హోములో అమ్మమ్మకి ఇస్తామన్న మంచం మీద ముందు తనే ఒక రాత్రి పడుకుంటానంది.

మేనేజరు నవ్వాడు. "హాయిగా పడుకోండమ్మా. ఏడాదిగా పడమటి వైపు ఒక్కరికీ పుండు పడలేదు. కావాలంటే మడమలు చూసుకోండి."

పిన్ని నిజంగానే చూసింది. గదిగదికీ వెళ్ళి, దుప్పట్లెత్తి మరీ. ఒక్క ఎర్ర మచ్చా లేదు. పసిపిల్లల పాదాల్లా ఉన్నాయట! దేవుడి దయ, చోటు దొరికింది అనుకుంది.

హాల్లో చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడ తువ్వాలు మడతపెడుతోంది. నాలుగు మడతలు, మధ్యలో చిన్న గుంట. విప్పి మళ్ళీ అదే. కాళ్ళకి మందపాటి మేజోళ్ళు. పిన్ని వంగబోతే రాత్రి ఆయా అడ్డుపడింది.

"ఆవిడనెందుకమ్మా? మాటా లేదు, మతీ లేదు. ఆ కుర్చీ దిగదు. తువ్వాలు చేతికిస్తే పొద్దు గడిచిపోతుంది."

రాత్రి పదింటికి పిన్ని మంచమెక్కింది. పక్క మంచం మీద కదల్లేని ముసలమ్మ. ఆవిడ కాళ్ళ దగ్గర ఒక కాగితం వేలాడుతోంది — రెండు గంటలకోసారి ఏ పక్కకి తిప్పారో రాసే కాగితం. పది, పన్నెండు, రెండు, నాలుగు... తెల్లారి ఆరు దాకా సంతకాలు అప్పుడే ఉన్నాయి!

"ఇదేమిటమ్మాయ్? ఇంకా పదేగా?"

ఆయా గొంతు తగ్గించింది. "రాత్రి ఇటు ఎవరొస్తారమ్మా... మాకు మాత్రం ప్రాణం తీపి కాదా? అది వస్తుంది. ముసుగు మాత్రం తియ్యకండి."

"అదంటే ఏది?"

"ఈ వేళప్పుడు అడగాల్సిన మాటేనా!" అంటూ దీపం ఆర్పి వెళ్ళిపోయింది.

కునుకు పట్టి లేచేసరికి ఒంటిగంట. పిన్ని, ఆయాని పిలిచే గంట నొక్కి చూసింది. తలుపు పైన ఎర్రదీపం వెలిగింది. దేవుణ్ణి తలుచుకుంటూ లెక్కపెట్టింది... వంద... మూడు వందలు... ఎనిమిది వందలు. ఎవరూ రాలేదు. లెక్క తప్పింది. కళ్ళు మూతలు పడ్డాయి...

రెండింటికి మెలకువ వచ్చింది.

టప్... సర్ర్...

ఒక అడుగు. ఒక ఈడ్పు.

నడవాలో... గుమ్మంలో... గదిలో. పిన్ని ముసుగు బిగించింది.

పక్క మంచం కిర్రుమంది. ముసలమ్మ హాయిగా నిట్టూర్చింది.

టప్... సర్ర్...

ముసుగు కింద నుంచి రెండు చేతులు దూరాయి. తడిగా, మంచులా. ఒకటి భుజం కిందికి, ఒకటి నడుం కిందికి. ఆ చేతులు పిన్నిని దూదిపింజలా ఎడమ పక్కకి తిప్పేశాయి.

"ఎడమ పక్కకి, తల్లీ..." చెవి దగ్గర గుసగుస. "నాలుగింటికి కుడి..."

మడమల కింద మెత్తగా ఏదో అమరింది. నాలుగు మడతలు... మధ్యలో చిన్న గుంట.

పిన్ని ముసుగు లాగేసి ఫోను లైటు వేసింది.

హాల్లో చక్రాల కుర్చీలో చూసిన పెద్దావిడ, తన కాళ్ళ మీద నిలబడి! వేళ్ళ చివర్ల నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మీరా! చేతులు ఇంత చల్లగా..."

"కడుక్కోకుండా పేషెంటుని ముట్టుకుంటారా?" కసిరింది ఆవిడ. "ఆసుపత్రిలో ముప్ఫయ్యేళ్ళ సర్వీసు నాది. మాటలు పెట్టకు, డ్యూటీలో ఉన్నాను. ఇంకా నాలుగు మంచాలున్నాయి."

పిన్నికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. పేరు మర్చిపోయిన మనిషి, పని మర్చిపోలేదు.

ఆవిడ వెనుదిరిగింది. టప్... సర్ర్...

పిన్ని లైటు కిందికి దించింది. ఈడుస్తున్న కాలి మేజోడు, మడమ దగ్గర నల్లగా తడిసి ఉంది.

ఆవిణ్ణి బలవంతాన కూర్చోబెట్టి మెల్లగా ఊడదీసింది. మేజోడుతో పాటు చర్మమూ వచ్చింది. బొటనవేలు దిగేంత గుంట. పగలంతా కదపకుండా కుర్చీలో కూలేసిన కాలు.

"నాది తర్వాత చూద్దాంలే..." అంది ఆవిడ, నాలుగో గది వైపు చూస్తూ.

పొద్దున్నే మేనేజరు ఫారంతో వచ్చాడు. "చెప్పానుగా అమ్మా, ఒక్క పుండూ లేదని."

"ఒకటుంది, రండి బాబూ," అని పిన్ని చూపించింది. డాక్టరొచ్చి కట్టు కట్టేదాకా కదల్లేదు. నెల రోజులు ఆ కాలు నేల మీద పెట్టకూడదన్నాడు డాక్టరు. కుర్చీలోంచి లేవకుండా నడుముకి పట్టీ బిగించారు.

పిన్ని సంతకం పెట్టలేదు. అమ్మమ్మని ఇంటికే తెచ్చుకుంది, నడిపించే మనిషిని ఇంటికే పిలిపించింది.

ఆ పొద్దున హోము వదిలే ముందు, సంచీ తీసుకోవడానికి గదిలోకి వెళ్ళినప్పుడు, పక్క మంచం ముసలమ్మ పిన్ని కొంగు పట్టుకుందట. "రాత్రికి... వస్తుందిగా?"

పిన్ని కళ్ళు మంచం చివరికి పోయాయి. అక్కడ కొత్త కాగితం. ఈ రాత్రిది.

పది, పన్నెండు, రెండు, నాలుగు... ఆరు దాకా సంతకాలు అప్పుడే ఉన్నాయి.