కాఫీ మానేసిన వారం

"వీటికి తిండి ఎవరు పెట్టారు?"

పరిశోధకురాలి అరుపుకి ప్రయోగశాల బోనుల్లో ఎలుకలే కాదు, వాటి ముందు నిలబడ్డ కొత్త పశువైద్యుడూ ఉలిక్కిపడ్డాడు. ఉద్యోగంలో చేరి రెండో రోజు. చక్కెర బిళ్ళల డబ్బా చేతిలోనే ఉంది, బుకాయించే వీల్లేదు.

"నేనేనండీ. పాపం, ఆకలిగా కనిపిస్తేనూ..."

"ఆకలిగానే ఉండాలి! కడుపు నిండిన ఎలుక బోనులో మీట ఎందుకు నొక్కుతుంది? ఇవాళ్టి నా ప్రయోగం మట్టికొట్టుకుపోయింది!"

పరిశోధకురాలి కళ్ళలో నీళ్ళు చూసి అతని మనసు చివుక్కుమంది. మర్నాటి నుంచి కాఫీలు పట్టుకుని సాయానికి వచ్చాడు.

దీపం వెలిగితే చక్కెర వస్తుందని ఎలుకలు అప్పటికే నేర్చుకున్నాయి. ఇప్పుడు మీట నొక్కితే దీపం వెలుగుతుంది, అంతే, చక్కెర రాదు. మామూలు ఎలుకలు కాసేపు నొక్కి ఊరుకున్నాయి. ఉత్తేజం కలిగించే మందు ఎక్కించినవి మాత్రం వదిలితే ఒట్టు!

"ఏమీ రావట్లేదుగా, ఎందుకంత ఆరాటం?" అన్నాడు.

"ఆ మందుతో ఉత్త దీపం కూడా వాటికి అపురూపంగా తోస్తుందండీ."

ప్రయోగం గట్టెక్కింది. అతను రోజూ రెండు కాఫీలతో రావడం మాత్రం ఆగలేదు. ఓ వానపూట, జల్లు కిటికీ అద్దాన్ని బాదుతుంటే, కప్పు బల్ల మీద పెట్టి గబగబా అనేశాడు.

"మీరంటే నాకిష్టం. పెళ్ళి చేసుకుందామా?"

ఆమె అతన్నీ, కప్పునీ మార్చి మార్చి చూసింది. "మీరొస్తే నాకూ గుండె దడదడలాడుతుంది. కానీ మీతోపాటు కాఫీ కూడా వస్తోందే! దడ మీ వల్లో, దీని వల్లో ఎలా తెలుస్తుంది?"

"నన్ను ఎలుకని చేస్తున్నారా?"

"ఛ! ఎలుకని నేను. మీరు దీపం, కాఫీ ఆ మందు."

"అయితే ఓ వారం కాఫీ బంద్!"

ఆ వారమంతా ఆమెకి తలనొప్పి, ఆవలింతలు, అందరి మీదా చిరాకు. అతను ఉత్త చేతులతో వచ్చి, నాలుగు చీవాట్లు తిని వెళ్ళేవాడు. ఆఖరి రోజు అసలు రానేలేదు. మధ్యాహ్నం దాటింది. ఇక ఉండబట్టలేక ఆమె మెట్లు దిగి, కింది అంతస్తులో కుందేళ్ళ గదికి పరుగెత్తింది.

అతను నేలమీద కూర్చుని, తువాలుతో అప్పుడే పుట్టిన కుందేలు పిల్లని తుడుస్తున్నాడు.

"ఏమైపోయావ్ నువ్వు?"

ఆ 'నువ్వు' విని తలెత్తాడు. "కాన్పు కష్టమైందండీ. తల్లీ పిల్లలూ క్షేమమే. మరి... మీ గుండె సంగతి?"

"వారంగా గుక్కెడు కాఫీ తాగలేదు. అయినా పొద్దుట్నించి ఒకటే దడ. పని మానేసి తలుపు వంకే చూస్తూ కూర్చున్నా." ఆమె పక్కనే చతికిలబడింది. "మీ అమ్మగారితో ఎప్పుడు మాట్లాడదాం?"

"ఇప్పుడే!" అంటూ అతను ఉన్నపళాన లేవబోయాడు.

"ముందా పిల్లని వాళ్ళమ్మ దగ్గర పెట్టు, మహానుభావా!" అంది ఆమె నవ్వాపుకుంటూ.