రంగనాథం గారి కారు కార్బురేటర్

లక్ష్ముడు దొంగ. దొంగతనం చేసి, దాన్ని చచ్చిపోయిన సొంత అక్క మీదికి తోసిన దొంగ. అప్పలసూరి లెక్కలో ఇక తేల్చాల్సిందేమీ లేదు. పోలీసులు సామాను కక్కించాలి, అంతే.

1968 సెప్టెంబరు 17, మంగళవారం. సాయంత్రం నాలుగు గంటలు. విజయనగరంలో, శృంగవరపుకోట రోడ్డు మీద అప్పలసూరి షెడ్డు ముందు పోలీసు జీపు ఆగింది. సబ్ ఇన్‌స్పెక్టర్ జగన్నాధం దిగాడు. రెండు రోజులు కోర్టు పని మీద విశాఖపట్నంలో ఉండి, ఆ మధ్యాహ్నమే తిరిగొచ్చాడు.

షెడ్డు మధ్యలో 1928 మోడల్ కారు. బియ్యం మిల్లు రంగనాథం తండ్రిది. ఇరవై ఏళ్లు పశువుల పాకలో పడి ఉన్న ఆ బండిని మళ్లీ రోడ్డెక్కించే పని అప్పలసూరి ఒప్పుకున్నాడు. ఎనిమిది నెలల్లో ఇంజన్ విప్పి బిగించాడు. బాడీకి రంగు వేశాడు. మిగిలింది కార్బురేటర్ ఒక్కటే. ఇత్తడిది. అలాంటిది ఇప్పుడెక్కడా తయారవడం లేదు. అది లేకపోతే ఆ కారు కదలదు.

రంగనాథం బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ముఖం మాడి ఉంది.

"కార్బురేటర్ పోయిందని ఎప్పుడు చూశారు?" జగన్నాధం అడిగాడు.

"నిన్న పొద్దున్న ఎనిమిదీ పదికి," అన్నాడు అప్పలసూరి. "మా ఇంటిది పోయింతర్వాత పదమూడు దినాలు షెడ్డు తెరవనేదు."

"చివరిసారి ఎవరి చేతిలో ఉంది?"

"నా బామ్మర్ది లక్ష్ముడి సేతిలో. పదేళ్లయి నాతోనే పని సేస్తన్నాడు."

"అతనేమంటున్నాడు?"

"రెండో తారీకు సాయంత్రం, తోమమని అక్కకిచ్చీసేనంటాడు. అది మర్నాడు తెల్లారగట్ల నూతి దగ్గిర పడిపోయి సచ్చిపోయింది. ఇప్పుడు దాన్నెవడడుగుతాడు? తెలివైనోడే."

జగన్నాధం టోపీ తీశాడు. "మా హెడ్ కానిస్టేబుల్ అతని కుడిచేతి వేళ్లు రెండు విరగ్గొట్టాడు. చేతుల మీదే ఎందుకు కొట్టావన్నాను. మీరు చెప్పారట."

అప్పలసూరి తల దించలేదు. "మెకానిక్కుకి సేతులే పేణం. అక్కడ కొడితే నిజం వస్తాదనుకున్నాను."

జగన్నాధం కారు చుట్టూ తిరిగాడు. హెడ్‌లైట్ల ఇత్తడి రింగుల దగ్గర వంగాడు. అద్దాల్లా మెరుస్తున్నాయి.

"వీటికి మెరుగు పెట్టిందెవరు?"

"నానే."

"దేంతో?"

"ఎమరీ పేపరుతో."

"ఎమరీ పెడితే గీతలు పడతాయి. ఇక్కడ ఒక్కటీ లేదు." జగన్నాధం జేబులోంచి గుండుసూది తీసి స్క్రూ గాడిలోంచి ఏదో లాగాడు. ఎండి నల్లబడ్డ పీచు. "చింతపండు. మా అమ్మా ఇత్తడి ఇలాగే తోముతుంది. ఎవరు తోమారు?"

"నీ చేతి మెరుపన్నావు కదయ్యా నాతో," అన్నాడు రంగనాథం.

అప్పలసూరి చెవులు వేడెక్కాయి. అన్నాడు, నిజమే. ఈ కారు పని అందరూ తన ఒక్కడిదే అనుకోవాలని ఆశపడ్డాడు. వంటింట్లో భార్య చిన్నతల్లి చింతపండుతో తోమిందని ఏ నోటితో చెప్తాడు? పైగా ఆమె చేతులు పుల్లటి వాసన కొడుతున్నాయని విసుక్కునేవాడు.

"మా ఇంటిదే," అన్నాడు. "లైట్లూ, హారనూ అదే తోమింది. కార్బురేటర్ మాత్రం ఇవ్వకూడదనుకున్నాను. సన్న కన్నాలుంటాయి. పిప్పి అడ్డం పడతాది."

"అనుకున్నారు సరే. ఎవరితో చెప్పారు?"



"ఎవరితోనీ సెప్పనేదు."

"ఆమె ఎందులో నానబెట్టేది?"

"మూత తపేలాలో."

"ఆ తపేలా ఏది?"

పదకొండో రోజు కర్మ అయ్యాక, పోయిన మనిషి బట్టలూ గిన్నెలూ చాకలికి ఇవ్వడం ఆ ఇంటి ఆనవాయితీ. ఆ రోజు అప్పలసూరి వంటింట్లోకి మొహం పక్కకి తిప్పుకునే వెళ్లాడు. చేతికందినవన్నీ ఆమె చీరలో మూటకట్టి చాకలి అసిరమ్మ నెత్తికెత్తాడు. ఏ మూతా తియ్యలేదు.

"అసిరమ్మకిచ్చీసేను," అన్నాడు.

జీపు వెళ్లింది. 4-50కి తిరిగొచ్చింది. అసిరమ్మ ఒళ్లో గుడ్డలో చుట్టిన కార్బురేటర్. వెనక సీట్లో, స్టేషన్ నుంచి తీసుకొచ్చిన లక్ష్ముడు, చేతికి కట్టుతో.

"ఇది నీకెక్కడిది?" జగన్నాధం అసిరమ్మని అడిగాడు.

"తపేలాలో సింతపండు నీల్లల్లో ఉన్నాది బాబూ. కారు సామానని సూడగానే తెల్సింది."

"మరి తిరిగి ఇవ్వలేదేం?"

ఆమె అతన్ని వింతగా చూసింది. "సావు మూటలోది మల్లీ ఆ గడప తొక్కకూడదు గదా. ఎనక్కట్టుకెల్తే ఆ ఇంట్లో ఇంకో పేణం పోతాది. ఈ సూరిబావు సల్లగుండాలనే మా ఇంటి సూరులో దోపీసేను."

జగన్నాధం అప్పలసూరి వైపు తిరిగాడు. "లక్ష్ముడు మొదటి రోజు చెప్పిందే నిజం. అక్కకిచ్చాడు. ఆమె నానబెట్టింది. మీరు చూడకుండా దానం చేశారు. ఒక్క ప్రశ్న అడిగుంటే సరిపోయేది. అది అడిగితే మెరుపు ఎవరిదో బయటపడుతుందని మీరు అడగలేదు."

లక్ష్ముడు జీపు దిగాడు. ఎడంచేత్తో కార్బురేటర్ అందుకున్నాడు. నోటి దగ్గర పెట్టుకుని ఊది చూశాడు.

"జెట్టు మూసుకుపోయినాది బావా. తీగ పెట్టి గెలక్కు, కన్నం పెద్దదైపోతాది. పెట్రోల్లో నానబెట్టు."

"నువ్వే సెయ్యరా," అన్నాడు అప్పలసూరి.

"ఏ సేత్తో సెయ్యమంటావు?"

బదులు కోసం ఆగలేదు. కార్బురేటర్ బల్ల మీద పెట్టి, రోడ్డు వెంట నడిచి వెళ్లిపోయాడు.

జగన్నాధం కాగితం తీశాడు. "హెడ్ కానిస్టేబుల్ మీద రిపోర్టు రాస్తున్నాను. చేతుల మీద కొట్టమన్నది మీరేనా?"

"నానే. ఆ మాట ఉన్నదున్నట్టు రాయండి."

రాశాడు. అప్పలసూరి సంతకం పెట్టి పెన్ను తిరిగిచ్చేశాడు.

రంగనాథం దగ్గరికొచ్చాడు. "అసలు నీకు అంత కోపం దేనికొచ్చిందయ్యా, అతని మీద?"

"కారు ఆదివారానికి నడుస్తాది బాబూ. తీసుకెల్లిపోండి," అన్నాడు అప్పలసూరి. "ఈ సంగతి ఇక నన్నడక్కండి. మీరైనా సరే, ఇంకెవరైనా సరే. నాను బతికున్నన్నాల్లూ దీని మీద నోరిప్పను."