కుప్పం షెడ్డులో అతిథి

అక్షరాలు నాకు పెద్ద వయసులో పట్టుబడ్డాయి. ఒత్తులూ దీర్ఘాలూ తప్పితే మన్నించండి. నేను నిదానంగా రాస్తాను గానీ కథలో జీపు నిదానంగా పోదు.

పుంగనూరు బస్టాండులో చెనక్కాయలు అమ్ముతున్న వరదరాజులు నిజానికి గూఢచారి శాఖలో పెద్ద అధికారి. ఏజెంట్ ఉషా అతని బండి దగ్గర ఆగింది.

“వేయించినవా, ఉడికించినవా?”

“నిన్న పెరికినవి.”

కోడ్ సరిపోయింది. అతను పొట్లం కడుతూ గొంతు తగ్గించాడు.

“మన ఏజెంట్ అజయ్ దొరికిపోయినాడు. సాయంత్రం ఐదుకి విదేశీ ముఠా వాణ్ణి రాష్ట్రం దాటిస్తాది. దాటినాంక ప్రాణాలతో దొరకడు. యాడ పెట్టుండారో తెలీదు.”

“క్లూ?”

“మదనపల్లెలో స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసు. ఆ బోర్డు మీది నుంచే ముఠాకి మెసేజీలు పోతాండాయి. టీచర్ కీర్తి, డబుల్ ఏజెంట్. మనకూ పనిచేస్తాది, వాళ్లకూ పనిచేస్తాది. ఈపొద్దు ఎవురికి చేస్తాందో ఆయమ్మకే తెలియాల.”

పదకొండు గంటలకు ఉషా నూలు చీర కట్టుకుని, కెమెరా కళ్లద్దాలు పెట్టుకుని వెనక బెంచీలో కూర్చుంది. కీర్తి వచ్చింది. పట్టుచీర, నల్లద్దాలు, గది నిండా సెంటు వాసన. బోర్డు మీద ‘లుక్ ఆఫ్టర్’ అని రాసింది.

“అంటే బాగోగులు చూసుకోవడం. రోజూ మాట్లాడేటట్లు తలా ఒక వాక్యం చెప్పండి.”

కురబలకోట గోవిందప్ప లేచాడు. “ఐ లుక్ ఆఫ్టర్ మై షీప్.”

“భేష్. చిన్నక్కా, నువ్వు?”

“మై మదరిన్లా లుక్స్ ఆఫ్టర్ మై ఫోన్.”

“యాల?”

“ఎవురు చేస్తారోనని.”

“అది కాపలా తల్లీ, లుక్ ఆఫ్టర్ కాదు.”

క్లాసంతా నవ్వింది. కీర్తి తన వాక్యాలు మూడు రాసింది. నర్సు రోగిని చూసుకుంటుంది. అక్క తమ్ముణ్ణి చూసుకుంటుంది. కుప్పం దగ్గర పట్టుపురుగుల షెడ్డులో మామయ్య ఐదు దాకా అతిథిని చూసుకుంటాడు.

ఉషా పెన్ను ఆగింది. మొదటి రెండూ ఏ ఇంట్లోనైనా వినపడే మాటలే. మూడోది ఏ ఇంట్లోనూ వినపడదు. పురుగులకు రోగం తగులుతుందని సొంత చుట్టాలనే షెడ్డు గడప దాటనివ్వరు. ఇంక అందులో అతిథిని ఎవరు పెడతారు?

కిటికీ పక్కన కూర్చున్నవాడు ఆ ఒక్క వాక్యాన్నే ఫోటో తీసుకుని బయటికి నడిచాడు.

ఉషా ఫోటో పంపగానే వరదరాజులు ఫోన్ చేశాడు. “ఎర అయ్యుంటాదమ్మా. నిన్ను పిలిపించేదానికే రాసిందేమో.”

“అయ్యుండొచ్చు సార్. వేరే దారి ఉండాదా?”

ఉషా జీపు దుమ్ము లేపుకుంటూ కుప్పం చేరి ఊరి చుట్టూ షెడ్లన్నీ గాలించింది. చివరికి పొలిమేరలో మల్బరీ తోటల పక్కన రెండు షెడ్లు మిగిలాయి. టైము నాలుగున్నర. మొదటి దాని ముందు చెంగమ్మ అనే ముసలామె చీపురు ఎత్తింది.

“ఏందమ్మా, చెప్పులతో వస్తాండావు? సెంటు గింటు పూసుకున్నావా? ఆడ్నే నిలబడు.”

ఇది నిజమైన షెడ్డే. ఉషా దండం పెట్టి రెండోదానికి నడిచింది. అక్కడ తలపాగా చుట్టిన మనిషి నవ్వుతూ ఎదురొచ్చాడు.

“పట్టు ఆఫీసు నుంచి వస్తాండా. పురుగులు ఎట్లుండాయి?”

“బాగుండాయి మేడం, లోపలికి రాండి.”

చెప్పులు విడవమనలేదు. లోపల అతని కుర్చీ కింద దోమల చుట్ట పొగలు కక్కుతోంది. ఉషా తట్టల మీది గుడ్డ ఎత్తింది. ఎండిన ఆకు తప్ప ఏమీ లేదు.

“ఏమప్పా, దోమల చుట్ట పక్కన పట్టుపురుగు బతుకుతాదా?”

అతని చెయ్యి నడుము దగ్గరికి పోయింది. అంతకుముందే ఉషా కొప్పులోని మత్తు పిన్ను అతని మెడలో దిగింది. అడ్డుగోడ వెనక అజయ్, చేతులు కట్టేసి, నోటికి ప్లాస్టరుతో. కట్లు కోస్తుండగానే బయట వ్యాను ఆగింది. ఐదుకి ఇంక ఒక్క నిమిషమే ఉంది.

ఉషా పిస్టల్ తీసి తలుపు తన్నింది. వ్యానులో డ్రైవరు రెండు చేతులూ పైకెత్తి ఉన్నాడు. అతని చెవి వెనక కీర్తి పిస్టల్.

“లేటయినారు,” అంది కీర్తి.

“ఆ వాక్యం మాకు అనుమానం రావాలనే రాసినావా, పట్టుపురుగుల సంగతి తెలీక రాసినావా?”

“అజయ్ ఉండాడు కదా. ఇంకేం కావాల నీకు?”

తలపాగావాణ్ణీ డ్రైవర్నీ వ్యానులో కట్టేసి, పోలీసులు వచ్చేదాకా ముగ్గురూ రోడ్డు పక్క అంగట్లో కూర్చున్నారు. కీర్తే వెళ్లి టీలు తెచ్చింది. ఆమె ఒక గుక్క తాగేదాకా చూసి, ఉషా తన గ్లాసు పక్కనపెట్టి, చిరునవ్వుతో ఆమె చేతిలోని గ్లాసునే అందుకుంది.

— తులసమ్మ, అరవై ఏడేళ్లు. ఇప్పుడు ఉండేది వాల్మీకిపురం.